లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు: ఎక్కడ వెతకాలి, ఏది నమ్మాలి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆపేసింది కదా, విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లను పడేయలేక మన దగ్గర చాలామంది లినక్స్ మింటో ఉబుంటూనో వేయించుకున్నారు. అక్కడి నుంచి మొదలైంది. నల్గొండ ప్రకాశం బజార్‌లో జిరాక్స్ సెంటర్ నడిపే అన్న అయినా, పాలమూరు యూనివర్సిటీలో చదివే పిల్లలైనా, ఎవరు ఫోన్ చేసినా అడిగేది ఒకటే: "అన్నా, ఫలానా సాఫ్ట్‌వేర్ కావాలి, ఏ సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవాలి?"

తిరకాసు ఆ ప్రశ్నలోనే ఉంది. లినక్స్‌లో మీకు కావాల్సిన వాటిలో చాలావాటికి ఏ సైట్‌కీ పోనక్కర్లేదు. గూగుల్‌లో వెతికి, పైన వచ్చిన లింకు నొక్కి, నెక్స్ట్ నెక్స్ట్ కొట్టే విండోస్ అలవాటును ముందు పక్కన పెట్టండి.

పత్తి విత్తనాలు కొనేటప్పుడు లైసెన్సు ఉన్న దుకాణంలో సీలున్న ప్యాకెట్టు తీసుకుని బిల్లు అడుగుతాం, ఊళ్లోకి బండి మీద తెచ్చి లూజుగా అమ్మేవాడి దగ్గర కొంటే రేపు మొలవకపోయినా అడగడానికి వాడు దొరకడు. ఇక్కడ దుకాణం అంటే మీ డిస్ట్రో (మింట్, ఉబుంటూ లాంటి లినక్స్ రకం) రిపాజిటరీ, అంటే మింట్ వాళ్లో ఉబుంటూ వాళ్లో పెట్టిన సాఫ్ట్‌వేర్ గోదాము. అందులోంచి వచ్చే ప్రతి ప్యాకేజీ మీద డిజిటల్ సంతకం తాలూకు లెక్క ఉంటుంది, అది సరిపోకపోతే సిస్టమే ఒప్పుకోదు. అంతకన్నా ముఖ్యమైంది, రేపు అందులో లోపం బయటపడితే సరిచేసిన వెర్షన్ మామూలు అప్‌డేట్లతో పాటే వచ్చేస్తుంది. వైరస్ ఉందా లేదా అని అందరూ అడుగుతారు గానీ, దీన్ని రేపు ఎవరు అప్‌డేట్ చేస్తారు అని అడిగినవాళ్లు తక్కువ. నాకైతే రెండోదే పెద్ద ప్రశ్న.

ముందుగా కావాల్సినవి

- మీ దగ్గరున్నది ఏ డిస్ట్రో, ఏ వెర్షన్ అన్నది. మింట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్, ఉబుంటూ సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిస్తే మింట్ 22 అనో ఉబుంటూ 24.04 అనో కనపడుతుంది. ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, దాదాపు ప్రతి సలహా దీని మీదే ఆధారపడి ఉంటుంది.
- అడ్మిన్ పాస్‌వర్డ్. లినక్స్ వేసిచ్చిన అబ్బాయి పెట్టిన పాస్‌వర్డే ఇంకా ఉంటే ముందు దాన్ని మార్చండి.
- నెట్. ఫోన్ హాట్‌స్పాట్ మీద చేస్తుంటే డేటా ఎంత మిగిలిందో చూసుకోండి, కొన్ని రకాలు బాగా తాగేస్తాయి.
- డెస్క్‌టాప్ అయితే యూపీఎస్, ల్యాప్‌టాప్ అయితే ఛార్జింగ్. ఇన్‌స్టాల్ సగంలో ఉండగా కరెంట్ పోతే ఏం చేయాలో కింద రాశాను గానీ, ఆ పని పడకపోతేనే మంచిది.

ఇంకో మాట. కమాండ్లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే, మాటకీ మాటకీ మధ్య స్పేస్ ఇచ్చి కొట్టాలి. ఉబుంటూ 24.04లో పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు, కీబోర్డు పాడైందని పరేషాన్ కావొద్దు, కొట్టేసి ఎంటర్ నొక్కండి.

1. ముందు అప్‌డేట్, ఆ తర్వాత టైమ్‌షిఫ్ట్

మింట్‌లో అప్‌డేట్ మేనేజర్, ఉబుంటూలో సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ తెరిచి పెండింగ్‌లో ఉన్నవన్నీ పూర్తి చేయండి. టెర్మినల్ అలవాటు ఉంటే "సుడో ఆప్ట్ అప్‌డేట్", తర్వాత "సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్". సుడో (ఎస్ యూ డీ ఓ) అంటే అడ్మిన్ హక్కుతో నడపమని, ఆప్ట్ (ఏ పీ టీ) అంటే రిపాజిటరీ నుంచి ప్యాకేజీలు తెచ్చే టూల్.

ఆ తర్వాత టైమ్‌షిఫ్ట్‌లో ఒక స్నాప్‌షాట్ తీయండి. మింట్‌లో ఇది ముందే ఉంటుంది, ఉబుంటూలో రిపాజిటరీ నుంచి వేసుకోవాలి. ఏదైనా తేడా కొడితే సిస్టమ్‌ని నిన్నటి స్థితికి తీసుకుపోవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి: టైమ్‌షిఫ్ట్ మామూలుగా సిస్టమ్ ఫైళ్లను మాత్రమే దాస్తుంది, మీ ఫోటోలు, కస్టమర్ల ఆధార్ స్కాన్లు, ఎక్సెల్ షీట్లు అందులో ఉండవు. వాటికి వేరే డిస్కులో వేరే కాపీ పెట్టుకోవాల్సిందే.

2. స్టోర్‌లో వెతకండి

మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్, ఉబుంటూలో యాప్ సెంటర్. వీఎల్‌సీ, గింప్, లిబ్రేఆఫీస్, ఆడాసిటీ లాంటివి అన్నీ ఇక్కడే దొరుకుతాయి. హెచ్‌పీ ప్రింటర్లకు కావాల్సిన హెచ్‌ప్లిప్ కూడా రిపాజిటరీలోనే ఉంది, కొన్ని మోడళ్లకు అదనంగా ఒక ప్లగిన్ కావాలి, దాన్ని హెచ్‌ప్లిప్ తనే తెచ్చుకుంటుంది.

తెలుగు ఫాంట్లకైతే మరీ సులువు. "ఫాంట్స్, డ్యాష్, టీ ఈ ఎల్ యూ" అని ఒక ప్యాకేజీ ఉంది, అది వేస్తే పోతన, వేమన, లోహిత్ లాంటివి ఒకేసారి వచ్చేస్తాయి. టైపింగ్‌కి ఐబస్ ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ కావాలన్నా, ఇంగ్లీషులో కొడితే తెలుగులో పడే పద్ధతి కావాలన్నా దొరుకుతుంది. తెలుగు ఫాంట్ల కోసం ఫ్రీ డౌన్‌లోడ్ సైట్లకు పోయి జిప్ ఫైళ్లు తెచ్చుకోవడం ఎందుకు?

మింట్‌లో ఒకే సాఫ్ట్‌వేర్ రెండు రకాలుగా కనపడొచ్చు: సిస్టమ్ ప్యాకేజ్ అని ఒకటి, ఫ్లాట్‌పాక్ (ఏ డిస్ట్రోలోనైనా నడిచేలా కట్టిన ప్యాకేజీ) అని ఇంకొకటి. కొత్తవాళ్లకు నా సలహా, సిస్టమ్ ప్యాకేజ్ ఉంటే అదే తీసుకోండి. వెర్షన్ కాస్త పాతది ఉంటుంది, ఉండనివ్వండి. ఉబుంటూ యాప్ సెంటర్ మొదట స్నాప్ ప్యాకేజీలనే (ఫ్లాట్‌పాక్ లాంటివే, ఉబుంటూ వాళ్లవి) చూపిస్తుంది, ఫిల్టర్‌లో డెబియన్ ప్యాకేజెస్ అని మారిస్తే రిపాజిటరీవి కనపడతాయి. ఉబుంటూలోనే ఇంకో చిన్న కిటుకు, ఫైర్‌ఫాక్స్‌ని ఆప్ట్‌తో వేసినా లోపల వచ్చేది స్నాపే, మింట్‌లో అలా కాదు.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. మిర్యాలగూడ మిల్లుల్లో లెక్కలు రాసే అన్నలు టాలీ గురించి, పెళ్లి కార్డులు కొట్టే డీటీపీవాళ్లు పేజ్‌మేకర్, అను ఫాంట్ల గురించి అడుగుతుంటారు. అవి విండోస్ కోసం చేసినవి. రోజువారీ బువ్వ దాని మీద ఉంటే ఆ ఒక్క మిషన్‌ని విండోస్‌లోనే ఉంచుకోండి, లినక్స్‌లోకి ఎలాగోలా ఎక్కించాలని తంటాలు పడకండి.

3. ఎంటర్ కొట్టే ముందు ఆ నాలుగు లైన్లు చదవండి

టెర్మినల్‌లో "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వీఎల్‌సీ" కొట్టారనుకోండి. వెంటనే పని మొదలవ్వదు. కొత్తగా వచ్చేవి ఇవి, ఇంత డౌన్‌లోడ్ అవుతుంది, ఇంత జాగా పడుతుంది అని చెప్పి, చివర వై లేదా ఎన్ అని అడుగుతుంది. ఈ జాబితాలో మీరు వెతకాల్సిన మాట ఒక్కటే: "రిమూవ్డ్". "ది ఫాలోయింగ్ ప్యాకేజెస్ విల్ బీ రిమూవ్డ్" అని కనపడి, దాని కింద సిన్నమన్, గ్నోమ్ (తెర మీద కనపడే డెస్క్‌టాప్‌ని నడిపేవి), మింట్, ఉబుంటూ డెస్క్‌టాప్ లాంటి పేర్లు వరసగా ఉంటే ఎన్ కొట్టి బయటికి రండి.

ఇది ఉత్త భయం కాదు. 2021 నవంబరులో లైనస్ టెక్ టిప్స్ అనే పెద్ద యూట్యూబ్ ఛానల్ ఆయన పాప్ ఓఎస్ అనే ఇంకో లినక్స్‌లో స్టీమ్ అనే గేమ్ సాఫ్ట్‌వేర్ వేస్తుంటే ఇలాంటి జాబితానే వచ్చింది. సిస్టమ్ హెచ్చరించింది, ఒప్పుకుంటే "యెస్, డూ యాజ్ ఐ సే" అని పూర్తిగా టైప్ చేయమంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయి నల్ల తెర మిగిలింది. తప్పు ప్యాకేజీలో ఉన్నా, ఆ జాబితా చదివి ఉంటే అక్కడే ఆగేవాడు.

4. స్టోర్‌లో లేకపోతే ఫ్లాట్‌పాక్ లేదా స్నాప్

రిపాజిటరీలో లేదు, లేదా ఉన్న వెర్షన్ మరీ పాతదై మీ పని కావట్లేదు, అప్పుడు ఇటు రండి. ఫ్లాట్‌పాక్‌లు ఎక్కువగా ఫ్లాట్‌హబ్ నుంచి వస్తాయి. అక్కడ యాప్ పేరు పక్కన వెరిఫైడ్ టిక్ ఉందా చూడండి. ఆ టిక్ అర్థం, అసలు తయారుచేసినవాళ్లే దాన్ని పెట్టారని. లోపలి కోడ్‌ని ఎవరో కూర్చుని పరీక్షించారని కాదు. మింట్ 22 నుంచి వెరిఫై కాని ఫ్లాట్‌పాక్‌లను సాఫ్ట్‌వేర్ మేనేజర్ మామూలుగా చూపించదు. ఆ సెట్టింగ్‌ని అలాగే ఉంచండి.

స్నాప్ స్టోర్‌లో కూడా పబ్లిషర్ పేరు పక్కన ఆకుపచ్చ టిక్ చూడాలి, పేరు, బొమ్మ ఒరిజినల్‌లా ఉంటే సరిపోదు. 2024 ఫిబ్రవరిలో ఎక్సోడస్ అనే క్రిప్టో వాలెట్ పేరుతో స్నాప్ స్టోర్‌లో దూరిన నకిలీ యాప్‌ని నమ్మి ఒకాయన 9 బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత కొత్త పేర్లతో వచ్చే స్నాప్‌లను మనుషులు చూసి వదిలే పద్ధతి పెట్టారు. డబ్బుతో సంబంధం ఉన్న యాప్ అయితే ఆ కంపెనీ సొంత సైట్‌లో స్నాప్ గానీ ఫ్లాట్‌పాక్ గానీ ఇస్తున్నామని రాశారో లేదో చూసుకోండి, రాయకపోతే వద్దు.

డేటా సంగతి: మొదటి ఫ్లాట్‌పాక్ వేసేటప్పుడు దానికి కావాల్సిన రన్‌టైమ్ (యాప్ నడవడానికి కావాల్సిన సరంజామా) కూడా వస్తుంది, చిన్న యాప్‌కి కూడా వందల ఎంబీలు లాగుతుంది. హాట్‌స్పాట్ మీద రోజువారీ ప్యాక్ దెబ్బకు అయిపోవచ్చు. రెండోదానికి అదే రన్‌టైమ్ పనికొస్తే అంత పట్టదు.

ఫ్లాట్‌పాక్ గదిలో పెట్టి తాళం వేసినట్టు ఉంటుందని అంటారు గానీ, కొన్ని యాప్‌లు మీ హోమ్ ఫోల్డర్ మొత్తం చూసే అనుమతి తీసుకునే వస్తాయి. ఫ్లాట్‌సీల్ అనే చిన్న టూల్ వేసుకుంటే ఏ యాప్‌కి ఏ అనుమతి ఉందో కనపడుతుంది, అక్కర్లేనిది తీసేయొచ్చు.

5. కంపెనీ సైట్ నుంచి డెబ్ ఫైలు తేవాల్సి వస్తే

గూగుల్ క్రోమ్, ఎనీడెస్క్, డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ డ్రైవర్లు, కొన్ని పాత లేజర్ ప్రింటర్ల డ్రైవర్లు. ఇంటర్నెట్ సెంటర్లకు ఇవి తప్పవు. డెబ్ అంటే ఉబుంటూ, మింట్‌లలో ఎక్కించే ప్యాకేజీ ఫైలు. అప్పుడు ఇలా చేయండి.

సైట్ అడ్రసు చేత్తో టైప్ చేయండి, గూగుల్‌లో వచ్చే యాడ్ నొక్కొద్దు. డాంగిల్ అయితే దాని పెట్టె మీదో కంపెనీ ఇచ్చిన కాగితం మీదో ఉన్న అడ్రసునే వాడండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన డ్రైవ్ లింకు వద్దు, పెట్టినవాడు మీ బావమరిదైనా సరే, ఆయనకు అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు.

ఫైలు పేరులో ఏఎండీ64 అని ఉంటే "మాది ఇంటెల్ కదా" అని వెనక్కి పోకండి. 64 బిట్ ఇంటెల్‌కి కూడా అదే. ఏఆర్‌ఎం64 మనది కాదు, ఆర్‌పీఎం అని ఉన్నది ఫెడోరా లాంటి వేరే డిస్ట్రోలకి.

సైట్‌లో షా256 (ఎస్ హెచ్ ఏ 256) అని, ఫైలు మారకుండా వచ్చిందో లేదో తేల్చే పొడుగాటి అంకెలు, అక్షరాల వరస ఇచ్చి ఉంటే, టెర్మినల్‌లో "షా256సమ్" అని కొట్టి స్పేస్ ఇచ్చి ఫైలు పేరు ఇవ్వండి, వచ్చిన వరస, సైట్‌లోది ఒకటేనా చూడండి. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి వదిలేయొద్దు, మొత్తం పోల్చండి.

ఆ తర్వాత డబుల్ క్లిక్, లేదా "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" అని స్పేస్ ఇచ్చి, చుక్క, స్లాష్, దానికి అతికించి ఫైలు పేరు. ఆ చుక్క, స్లాష్ మర్చిపోతే ఫైలు కళ్ల ముందే ఉన్నా "అన్‌ఏబుల్ టు లొకేట్ ప్యాకేజ్" అంటుంది.

డెబ్ ఫైలు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు రూట్ హక్కులతో, అంటే అడ్మిన్‌కుండే పూర్తి అధికారంతో, ఏదైనా చేయగలదు, అందుకే ఇంత చెప్తున్నాను. ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ విషయంలో ఏం జరిగిందంటే, 2020 నుంచి 2022 వరకు దాని సైట్‌కి వచ్చిన లినక్స్ వాళ్లలో కొందరిని దొంగ డొమైన్‌కి మళ్లించి విషం కలిపిన డెబ్ ఫైలు అంటగట్టారు. అది పాస్‌వర్డ్‌లు, బ్రౌజర్ హిస్టరీ, వాలెట్ ఫైళ్లు ఎత్తుకుపోయేది. కాస్పర్‌స్కీ వాళ్లు 2023 సెప్టెంబరులో బయటపెట్టేదాకా చాలామందికి తెలియనే లేదు. సాఫ్ట్‌వేర్ మామూలుగానే పనిచేస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

ఇంకో తేడా గమనించండి. క్రోమ్ డెబ్ వేస్తే అది తన రిపాజిటరీని కూడా కలుపుకుంటుంది, తర్వాత అప్‌డేట్లు వాటంతట అవే వస్తాయి. చాలా డెబ్ ఫైళ్లు అలా చేయవు, వేసిన రోజు వెర్షనే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అలాంటివి వేసినప్పుడు పేరు, తేదీ డైరీలో రాసుకుని అప్పుడప్పుడు కొత్తది వచ్చిందా చూసుకోవాలి.

6. యాప్‌ఇమేజ్, పీపీఏ: అవసరమైతేనే

యాప్‌ఇమేజ్ ఒకటే ఫైలు, ఇన్‌స్టాల్ అనేది ఉండదు. రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పర్మిషన్స్‌లో ప్రోగ్రామ్‌లా నడవనివ్వమని టిక్ పెట్టి డబుల్ క్లిక్ చేస్తే నడుస్తుంది. తెరుచుకోకపోతే చాలాసార్లు కారణం లిబ్‌ఫ్యూజ్2 అనే ప్యాకేజీ లేకపోవడం, ఉబుంటూ 24.04లో దాని పేరు లిబ్‌ఫ్యూజ్2టీ64. సుడోతో మాత్రం నడపకండి, అలా అడిగే యాప్‌ఇమేజ్‌ని అనుమానించండి.

పీపీఏ అంటే ఎవరో ఒక మనిషి సొంతంగా పెట్టుకున్న రిపాజిటరీ. ఉబుంటూ వాళ్లు అందులో ఏముందో చూడరు. ఒకసారి కలిపితే ఆ మనిషి రేపు ఏది పంపినా అప్‌డేట్ రూపంలో మీ ఇంట్లోకి వస్తుంది. యూట్యూబ్ వీడియోల్లో మొదటి లైనే పీపీఏ కలపమని ఉంటుంది, అందులో సగం నాలుగేళ్ల కిందటివి. కావాల్సింది ఫ్లాట్‌పాక్‌గా దొరుకుతుంటే పీపీఏ వద్దు. ఇప్పటికే కలిపి ఉంటే మింట్ సాఫ్ట్‌వేర్ సోర్సెస్‌లో పీపీఏల పేజీ తెరిచి తీసేయండి.

7. ఇవి చేయకండి

సైట్‌లో "ఈ ఒక్క లైను పేస్ట్ చేస్తే చాలు" అని కర్ల్‌తో మొదలై, నిలువు గీత దాటి, బాష్‌తో ముగిసే కమాండ్ కనపడుతుంది. నెట్‌లోంచి ఏది వస్తే అది చదవకుండానే నడిపేయమని దాని అర్థం. మరీ తప్పదనుకుంటే స్క్రిప్ట్‌ని ముందు ఫైలుగా దింపుకుని, తెరిచి చదివి, అప్పుడు నడపండి. ఏఐని అడిగి తెచ్చుకున్న కమాండ్లకీ ఇదే లెక్క. లేని ప్యాకేజీ పేర్లను కూడా అవి ధీమాగా చెప్తాయి.

క్రాక్ చేసిన విండోస్ సాఫ్ట్‌వేర్‌ని వైన్‌లో (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే టూల్) నడిపితే లినక్స్‌కి ఏమీ కాదు అనేది ఉత్త మాట. వైన్‌లో జెడ్ డ్రైవ్ అంటే మీ డిస్కు మొత్తం. మీ ఫైళ్లను మీరెంత చెరపగలరో లోపలికొచ్చిన దొంగ ప్రోగ్రామూ అంత చెరపగలదు.

బీటెక్ తమ్ముళ్లకు: పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ఏదైనా వేయబోతే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆపుతుంది. దాన్ని దాటడానికి బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ అనే ఆప్షన్ పెట్టమని ఎవరో ఒకరు చెప్తారు. పేరులోనే ఉంది కదా, ఏం బద్దలవుతుందో! "పైథాన్3 డ్యాష్ఎం వెన్వ్ (వీ ఈ ఎన్ వీ)" అని కొట్టి, ఒక ఫోల్డర్ పేరు ఇచ్చి అందులో పని చేసుకోండి.

సరిగ్గా పడిందో లేదో ఎలా చూడాలి

"ఆప్ట్ పాలసీ" అని కొట్టి ప్యాకేజీ పేరు ఇవ్వండి. ఇన్‌స్టాల్ అయిన వెర్షన్, దాని కింద అది ఎక్కడి నుంచి వచ్చిందో కనపడుతుంది. ఉబుంటూ లేదా లినక్స్‌మింట్ అడ్రసు ఉంటే సరే. వార్, లిబ్, డీపీకేజీ, స్టేటస్ అనే దారి ఒక్కటే కనపడితే, అది చేత్తో వేసిన డెబ్ అనో, ఆ వెర్షన్ ఇప్పుడు ఏ రిపాజిటరీలోనూ లేదనో అర్థం. ఫ్లాట్‌పాక్‌లకు "ఫ్లాట్‌పాక్ లిస్ట్", స్నాప్‌లకు "స్నాప్ లిస్ట్".

రిపాజిటరీ అయితే నూటికి నూరు పాళ్లు భద్రమా? కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో దొంగ తలుపు బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అరసెకను ఆలస్యం అవుతోందేమిటని తవ్వుతూ పోతే దొరికింది. అప్పటికే అది ఉబుంటూకి మూలమైన డెబియన్ అనే డిస్ట్రో టెస్టింగ్ వెర్షన్ దాకా వచ్చింది, మామూలు జనం వాడే డెబియన్ స్టేబుల్‌కి, ఉబుంటూ ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి అప్‌డేట్లు వచ్చే) విడుదలలకు రాలేదు. దుకాణంలో, ఆఫీసులో వాడే మిషన్‌కి ఎల్‌టీఎస్ చాలు, సరికొత్త వెర్షన్ల మోజు వద్దు.

తరచూ వచ్చే తిప్పలు

"కుడ్ నాట్ గెట్ లాక్" అని వస్తే వెనకాల ఇంకో అప్‌డేట్ నడుస్తోందని అర్థం. పది నిమిషాలు ఆగండి. లాక్ ఫైలు డిలీట్ చేయమనే సలహా వినకండి, నడుస్తున్న పని సగంలో చెడుతుంది.

కరెంట్ పోయి ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతే, మళ్లీ ఆన్ చేశాక "సుడో డీపీకేజీ" అని కొట్టి, స్పేస్, రెండు డ్యాష్‌లకు అతికించి కాన్ఫిగర్, స్పేస్, డ్యాష్ఏ. ఇంకా ఏదో విరిగిందంటే "సుడో ఆప్ట్", స్పేస్, రెండు డ్యాష్‌లకు అతికించి ఫిక్స్ డ్యాష్ బ్రోకెన్, స్పేస్, ఇన్‌స్టాల్. చాలావరకు ఈ రెండిటితో లేచి కూర్చుంటుంది. లేవకపోతే టైమ్‌షిఫ్ట్ ఉండనే ఉంది.

ఎక్కడిదో తెలియని డెబ్ ఇప్పటికే వేసి, అనుమానం వస్తే, ముందు నెట్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్ నుంచి కాకుండా వేరే ఫోన్ నుంచి మార్చండి, మెయిల్‌ది మొదట, బ్యాంకుది వెంటనే. ఫైళ్లు కాపీ తీసుకుని లినక్స్ మళ్లీ కొత్తగా వేయించండి, ఆ ఒక్క ప్యాకేజీని తీసేసి అయిపోయిందనుకోవద్దు. డబ్బు పోయి ఉంటే మాత్రం ఇవన్నీ తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.